ప్రయాణానికి టీకా కాగితాలు: తడవకుండా, చెదలు పట్టకుండా, అక్కరకు వచ్చేలా ఉంచుకోవడం ఎలా

మే నెల వచ్చిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "నర్సమ్మగారూ, మా వాడికి అమెరికాలో సీటొచ్చిందండి. చిన్నప్పటి టీకా కార్డు కావాలంటున్నారు. మీ దగ్గరేమైనా ఉంటుందా?" వరద వచ్చి వెళ్లాక మరో రకం. "కార్డు తడిసి ముద్దయిపోయిందండి, ఏం చెయ్యమంటారు?" కోనసీమ ఊళ్లలో ఏఎన్ఎంగా 27 ఏళ్లు టీకాలు వేసి, ఆ కార్డులు నా చేత్తో రాసి రిటైరయ్యాను. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెబుతున్నది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. కార్డు ఇంట్లో ఉండటం వేరు, అక్కరకు రావడం వేరు. మన ఊరు, మన డాక్టరు, మన చేతిరాత ఏవీ తెలియని ఒక మనిషి ఎక్కడో ఎయిర్‌పోర్టులోనో యూనివర్సిటీ ఆఫీసులోనో కూర్చుని ఆ కాగితం చూస్తారు. ఎవరికి వేశారు, ఏ టీకా, ఏ తేదీన, ఎవరు వేశారు అన్న నాలుగూ ఆ మనిషికి తెలియాలి. ఇందులో ఏ ఒక్కటి తెలియకపోయినా కార్డు ఉండీ లేనట్టే. కింద చెప్పేదంతా ఆ నాలుగింటి కోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఇంట్లో ఉన్న టీకా కాగితాలన్నీ: మాతా శిశు రక్షణ కార్డు, పిల్లల డాక్టరు ఇచ్చిన చిన్న పుస్తకం, ఆసుపత్రి ఓపీ చీట్లు, కోవిడ్ సర్టిఫికెట్
- పాస్‌పోర్టు. ఇంకా రాకపోతే పాస్‌పోర్టుకు ఇచ్చిన అప్లికేషన్ కాపీ
- జనన ధ్రువీకరణ పత్రం
- మీరు వెళ్లే దేశం గాని, యూనివర్సిటీ గాని అడిగే టీకాల ఫారం ప్రింటు
- స్మార్ట్‌ఫోను, ఈమెయిల్
- రెండు మంచి జిప్ కవర్లు, మూత గట్టిగా పట్టే ఒక స్టీలు డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు (కొత్త చెప్పుల పెట్టెలో వచ్చేవి పాతబడినవైతే వద్దు)
- పెన్సిలు. ఒరిజినల్ కార్డు మీద మీరు పెన్ను పెట్టకూడదు

సమయం సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. చదువుకు వెళ్లేవాళ్లు కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఒక టీకా మొదటి డోసుకూ రెండో డోసుకూ మధ్య నెల రోజులు ఆగాల్సి వస్తుంది. టికెట్ తీసుకున్నాక ఆ నెల ఎక్కడి నుంచి తెస్తాం?

1. ముందు ఫొటో తీయండి, సర్దడం తర్వాత

కార్డు దొరకగానే చాలామంది ముడతలు సరిచేస్తారు, చిరిగినచోట సెల్లోటేప్ అతికిస్తారు, బాగా కనపడాలని చెరిగిన తేదీ మీద పెన్నుతో దిద్దుతారు. ఈ మూడూ చేయకండి. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. పాత సెల్లోటేప్ కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి, తీస్తే కింద ఉన్న సిరా కూడా దానితో ఊడి వస్తుంది.

ఫొటో తీసే పద్ధతి: పగటిపూట, వరండాలో, ఎండ నేరుగా పడని చోట కార్డు పరచండి. ఫ్లాష్ వద్దు, మెరుపు పడి బ్యాచ్ నంబరు కనిపించదు. ఫోను కార్డుకు సరిగ్గా పైన పట్టుకోండి. ముందు పేజీ, వెనక పేజీ, మడతలో దాగిన భాగం అన్నీ తీయండి. స్టాంపు ఉన్న మూల తెగిపోకూడదు. తర్వాత ఫోనులో ఉన్న స్కానింగ్ యాప్‌తో అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయండి.

ఇలా సరిచూసుకోండి: తీసిన ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉన్న బ్యాచ్ నంబరును పైకి చదవండి. చదవలేకపోతే మళ్లీ తీయండి.

2. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో కలుస్తున్నాయా?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

బిడ్డ పుట్టిన రోజునే బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా), పోలియో చుక్కలు వేస్తాం. అప్పటికి పేరు పెట్టి ఉండరు. కార్డు మీద "బేబీ ఆఫ్ సత్యవతి" అని రాస్తాం. తర్వాత తొమ్మిదో నెలలో అమ్మమ్మ పిల్లను ఎత్తుకొచ్చి, పేరేంటంటే "బుజ్జమ్మ" అంటుంది, అదే రాస్తాం. పద్దెనిమిదేళ్ల తర్వాత పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, అసలు పేరు గివెన్ నేమ్ గడిలో ఉంటుంది. పరాయి దేశంలో చూసేవాళ్లకు "బేబీ ఆఫ్ సత్యవతి", "బుజ్జమ్మ", పాస్‌పోర్టులో ఉన్న అమ్మాయి ముగ్గురు వేర్వేరు మనుషులు.

ఇలా చేయండి:

కార్డు మీద ఉన్న పేరు దిద్దకండి. వైట్‌నర్ అసలే వద్దు. దిద్దిన కార్డు కంటే తేడా పేరున్న కార్డు మేలు. జనన ధ్రువీకరణ పత్రంలో పిల్ల పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. కార్డు మీద తల్లి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన చూపిస్తే ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. వీటిని చూసి డాక్టరు తన లెటర్‌హెడ్ మీద "కార్డులో ఫలానా పేరుతో ఉన్న బిడ్డ, పాస్‌పోర్టులో ఫలానా పేరుతో ఉన్న వ్యక్తి ఒకరే" అని ఇంగ్లీషులో రాసి, సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబరు వేసి ఇవ్వవచ్చు. ఆ లెటరును కార్డుతో కలిపే ఉంచండి.

పుట్టిన తేదీ తేడా ఉంటే ఇంకా జాగ్రత్త. బడిలో వేసే రోజుల్లో వయసు సరిపోవాలని తేదీ మార్చి రాయించినవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్టులో ఆ బడి తేదీ ఉండి, టీకా కార్డులో అసలు తేదీ ఉంటే, కొన్నిసార్లు పుట్టకముందే టీకా వేసినట్టు కనిపిస్తుంది! అలాంటప్పుడు పాత కార్డుతో కుస్తీ పట్టకండి. నాలుగో మెట్టులో చెప్పిన రక్తపరీక్ష దారి తీసుకోండి.

జిల్లా పేరు గురించి కూడా అడుగుతుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అమలాపురంలో వేయించిన టీకా కార్డు మీద తూర్పు గోదావరి అని ఉంటుంది, ఇప్పటి అడ్రసులో కోనసీమ అని ఉంటుంది. పాలకొల్లు, నరసాపురం వాళ్లకు పశ్చిమ గోదావరి పేరు అలాగే ఉంది గాని జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. దీనికి టెన్షన్ పడకండి. టీకా వేసిన రోజున ఉన్న జిల్లా పేరే సరైనది. కార్డులో ఎలా ఉందో ఫారంలో అలాగే రాయండి.

3. కార్డు పోతే ఎక్కడ వెతకాలి

ఆన్‌లైన్‌లో దొరుకుతుందని నెట్ సెంటర్‌కు పరుగెత్తేముందు ఈ వరసలో వెతకండి.

మొదట టీకా వేసిన ఊరి హెల్త్ సెంటర్. మేం ఇప్పటికీ సబ్‌సెంటర్ అనే అంటాం. బుధవారం గాని శనివారం గాని టీకాల రోజున వెళ్తే ఏఎన్ఎం, ఆశా ఇద్దరూ దొరుకుతారు. అమ్మగారింట్లో పురుడు పోసుకున్నవాళ్లయితే ఆ ఊరికి వెళ్లాలి, అత్తగారి ఊరికి కాదు. తల్లి పేరు, బిడ్డ పుట్టిన నెల, వీధి చెప్పండి. కార్డు చివర చింపి మా దగ్గర ఉంచుకునే కౌంటర్ ఫాయిల్ ఒకటి ఉంటుంది, ఇమ్యునైజేషన్ రిజిస్టరు ఉంటుంది. ఈ మధ్య ఏళ్లలో పుట్టిన పిల్లలకైతే ఆర్‌సీహెచ్ నంబరు (తల్లీబిడ్డల ఆరోగ్య రికార్డు నంబరు) ఉంటుంది. అది చెబితే కంప్యూటర్‌లో చూస్తారు. ఇరవై ఏళ్ల కిందటి రిజిస్టరు దొరకడం అదృష్టం మీదే ఆధారపడుతుంది. తుపాన్లకు, వరదలకు సబ్‌సెంటర్లు కూడా తడిశాయి.

రెండోది, పిల్లల డాక్టరు గాని, కాన్పు జరిగిన ఆసుపత్రి గాని. పెద్ద డాక్టరుగారు లేకపోయినా వాళ్ల అబ్బాయో కోడలో అదే ఆసుపత్రి నడుపుతుంటారు. పాత రికార్డులు ఉంచారేమో అడగండి.

మూడోది యూ-విన్ పోర్టల్, అంటే ప్రభుత్వ టీకాల వెబ్‌సైటు. ఈ మధ్య పుట్టిన పిల్లలకు, గర్భిణులకు వేసిన టీకాలు ఇందులో ఎక్కిస్తున్నారు. అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది. సర్టిఫికెట్ దింపుకోవచ్చు. ఇప్పుడు అమెరికా వెళ్లే వయసు పిల్లలవి ఇందులో ఉండవు, అక్కడ వెతికి సమయం పోగొట్టుకోకండి.

కోవిడ్ సర్టిఫికెట్ కోవిన్‌లో ఉంటుంది. అప్పుడు ఏ సిమ్ నంబరు ఇచ్చారో అదే కావాలి. ఆ సిమ్ ఇంట్లో ఎవరి దగ్గరున్నా సరే, అది బతికి ఉండగానే సర్టిఫికెట్లు దింపి పీడీఎఫ్‌గా దాచండి. ఇప్పుడు చాలా దేశాలు అడగడం లేదు గాని, దింపి ఉంచుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఎవరైనా "డబ్బులిస్తే పాత తేదీలతో కార్డు రాయించి ఇస్తాను" అంటే దయచేసి వద్దు. నన్ను కూడా అడిగారు. రాయలేదు. టీకా వేయకుండా వేసినట్టు కాగితం పుట్టిస్తే వీసా పోవడం ఒక్కటే ప్రమాదం కాదు. హాస్టల్లో తట్టు వచ్చిన రోజున ఆ బిడ్డ ఒంట్లో రక్షణ ఉండదు.

4. కార్డులో ఉన్నదీ ఫారం అడిగేదీ ఒకటేనా?

కార్డు చక్కగా ఉండి, పేరు కలిసి, అయినా ఫారం తిప్పి పంపారని ఏడ్చినవాళ్లున్నారు. కారణం ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటే.

ఎంఆర్ వేరు, ఎంఎంఆర్ వేరు. ప్రభుత్వం వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో బళ్లలో పిల్లలందరికీ వేసింది కూడా ఇదే. అమెరికా యూనివర్సిటీలు అడిగేది ఎంఎంఆర్. అందులో గవదబిళ్లల టీకా కూడా ఉంటుంది. ఎంఆర్ కార్డు పెట్టి ఎంఎంఆర్ గడిలో టిక్కు పెడితే గవదబిళ్లల దగ్గర ఆపుతారు.

తొమ్మిదో నెల డోసు లెక్కలోకి రాదు. మనకు తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక వేస్తాం. ఇక్కడి జబ్బుల తీరును బట్టి అది సరైనదే. అమెరికాలో మాత్రం మొదటి పుట్టినరోజు తర్వాత వేసినదే లెక్కిస్తారు, రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. కార్డు మీద రెండు డోసులు కనిపించినా వాళ్ల లెక్కలో ఒకటే అవుతుంది.

టీడీ వేరు, టీడాప్ వేరు. పదేళ్లకు, పదహారేళ్లకు మనం వేసే టీడీలో ధనుర్వాతం, డిఫ్తీరియా ఉంటాయి. టీడాప్‌లో కోరింత దగ్గు కూడా కలుస్తుంది. ఫారంలో టీడాప్ అని ఉంటే టీడీ తేదీ రాయకండి.

ఇప్పుడు మీకు రెండు దారులు. ఒకటి, లోటున్న టీకా మళ్లీ వేయించుకోవడం. ఇంతకు ముందు వేసి ఉన్నా ఎంఎంఆర్ మరో డోసు వేయించుకుంటే మామూలుగా హాని లేదు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు మాత్రం వేయరు, డాక్టరుకు చెప్పండి. రెండోది రక్తపరీక్ష. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మలకు ఐజీజీ పరీక్ష (ఒంట్లో ఆ జబ్బుకు రక్షణ ఉందో లేదో చూపేది) చేయించి పాజిటివ్ వస్తే చాలా యూనివర్సిటీలు రుజువుగా తీసుకుంటాయి. కార్డు పూర్తిగా పోయినవాళ్లకు, పుట్టిన తేదీ తేడా ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. మీ యూనివర్సిటీ ఫారంలో ఆ వీలు రాసి ఉందో లేదో చూసుకుని అప్పుడే డబ్బు పెట్టండి.

జాగ్రత్త: టీబీ పరీక్ష కూడా అడుగుతారు. ఎంఎంఆర్ వేయించుకున్న రోజునే ఆ పరీక్ష చేయించుకోవాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి. మధ్యలో చేయిస్తే ఫలితం తప్పుగా రావచ్చు. ఇంకో సంగతి, చిన్నప్పుడు బీసీజీ వేశాం కాబట్టి చేతికి చేసే చర్మ పరీక్ష కొందరికి ఉబ్బి పాజిటివ్‌లా కనిపిస్తుంది. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకు బీసీజీ అడ్డు రాదు. ఎంచుకునే వీలుంటే ఇగ్రాకే వెళ్లండి.

టెక్సస్ వెళ్లే 22 ఏళ్లలోపు విద్యార్థులకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా అడుగుతారు. అది కాలేజీ మొదలయ్యే రోజుకు కనీసం 10 రోజుల ముందు పడి ఉండాలి. ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవాళ్లకు కూడా మెనింజైటిస్ ఏసీడబ్ల్యూవై టీకా కాగితం ఉండాలి, అదీ సౌదీలో దిగే రోజుకు 10 రోజుల ముందే. ఆ టీకాలో రెండు రకాలున్నాయి. కాంజుగేట్ రకానికి 5 ఏళ్లు, పాలీశాకరైడ్ రకానికి 3 ఏళ్లు చెల్లుబాటు. అందుకని సర్టిఫికెట్ మీద రకం పేరు రాయించుకోండి.

5. అన్నీ కలిపి ఒకే షీటు రాయించండి

నాలుగు చోట్ల నాలుగు చీట్లు ఉంటే చూసేవాళ్లకు ఓపిక ఉండదు. డాక్టరు దగ్గరకు ఒరిజినల్స్ అన్నీ తీసుకెళ్లి ఒకే పేజీలో ఇంగ్లీషులో రాయించండి. పైన పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ. కింద టీకా పేరు, డోసు నంబరు, తేదీ, తెలిస్తే బ్యాచ్ నంబరు. చివర సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబరు.

తేదీ రాసే తీరు ముఖ్యం. మనకు 05/08 అంటే ఆగస్టు 5. అమెరికా వాళ్లకు అది మే 8. అందుకని నెలను అంకెలో కాకుండా ఇంగ్లీషు అక్షరాల్లో రాయించండి. నేను చూసిన తిరుగు టపాల్లో సగం ఈ చిన్న తేడాకే.

డాక్టరు రాసిచ్చాక క్లినిక్ గడప దాటకముందే ఒక్కో తేదీని కార్డుతో పోల్చి పెన్సిలుతో జిరాక్స్ కాపీ మీద టిక్కు పెట్టుకోండి. ఇంటికొచ్చాక తప్పు కనిపిస్తే మళ్లీ ఒక పూట పోతుంది.

6. పసుపు పుస్తకం

ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో కొన్నింటికి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. నైజీరియా, ఘనా, ఉగాండా వైపు పనులకు వెళ్లేవాళ్లకు ఇది తెలిసిందే. మామూలు ఆసుపత్రిలో వేయించుకుంటే చెల్లదు. కేంద్ర ఆరోగ్యశాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. టీకా వేశాక వాళ్లిచ్చే పసుపురంగు సర్టిఫికెట్టే ఈ పసుపు పుస్తకం. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. దగ్గర్లో ఇంకేవి ఉన్నాయో ఆరోగ్యశాఖ జాబితాలో చూసుకుని, ముందు ఫోను చేసి రోజు ఖాయం చేసుకుని నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అన్ని రోజులూ వేయరు.

పుస్తకం చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి ఇవి చూడండి: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయా, డాక్టరు చేతి సంతకం ఉందా, కేంద్రం ముద్ర పడిందా. సంతకం బదులు ముద్ర ఒక్కటే ఉంటే చెల్లదు. మీరు సంతకం చేయాల్సిన చోట మీరూ చేయండి. పిల్లలకైతే తల్లో తండ్రో చేయాలి. ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం ఉండాలి.

టీకా పడిన 10 రోజుల తర్వాత గాని అది చెల్లదు. 1వ తేదీన వేయించుకుంటే 11 నుంచి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 జులై 11 నుంచి ఈ నియమం వచ్చింది. మీ పాత పుస్తకంలో 10 ఏళ్లు అని రాసి ఉన్నా ఇప్పుడు జీవితకాలమే. అలాగని దాన్ని మీరే కొట్టేసి రాయకండి. దిద్దుబాటు కనిపిస్తే పుస్తకమే చెల్లకుండా పోవచ్చు.

ఆ దేశాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు పుస్తకం లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. వెళ్లేటప్పుడు చూపించాం కదా అని అక్కడి రూములో వదిలేసి రావొద్దు.

7. డెల్టా ఇంట్లో దాచే పద్ధతి

మన గాలిలోనే తేమ. బీరువాలో పెట్టిన కాగితానికి కూడా శ్రావణమాసం వచ్చేసరికి బూజు పడుతుంది. గోడను ఆనుకుని ఉన్న చెక్క అలమరలో చెదలు చేరతాయి. వరద వస్తే ఇక చెప్పక్కర్లేదు.

లామినేషన్ గురించి అందరూ అడుగుతారు. ఒరిజినల్‌కు వద్దు. నా కూతురి హెపటైటిస్ కార్డు నేనే ముచ్చటపడి లామినేషన్‌కు ఇచ్చాను. అందులో అతికించిన చిన్న ప్రింటు చీటీ వేడికి నల్లగా మాడిపోయింది. అలాంటి వేడికి నల్లబడే కాగితం బిల్లుల్లో, కొన్ని స్టిక్కర్లలో వాడతారు. బిడ్డకు రెండో డోసు ఏ రోజున పడిందో మళ్లీ ఆసుపత్రిలో వెతికించుకోవలసి వచ్చింది. అలాంటి కాగితం లేకపోయినా, లామినేట్ చేసిన కార్డు మీద కొత్త డోసు రాయలేరు, ముద్ర వేయలేరు. కావాలంటే కలర్ జిరాక్స్ తీయించి దానికి లామినేషన్ చేయించుకోండి.

జిగటగా ఉండే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. ఏళ్లు గడిచాక సిరా కవరుకు అంటుకుపోతుంది. కార్డును తెల్ల కాగితంలో చుట్టి జిప్ కవరులో పెట్టండి. గాలి నొక్కి తీసి జిప్ వేయండి. ఆ కవరును ఇంకో కవరులో పెట్టి, సిలికా జెల్ పొట్లంతో స్టీలు డబ్బాలో ఉంచండి. డబ్బా నడుము ఎత్తుకు పైన ఉండాలి. ఏడాదికోసారి, సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు తెరిచి చూడండి. అది పొడి కాలం.

లంక ఊళ్లలో, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్లకు ఇంకో నియమం. భద్రాచలంలో గోదావరి నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందనగానే డబ్బా బయటకు తీయండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి. రెండో హెచ్చరిక వచ్చేసరికి మీ డబ్బా గట్టు అవతల చుట్టాల ఇంట్లో ఉండాలి. 2022 జులైలో భద్రాచలంలో నీరు 71 అడుగులు దాటిన వరదలో బియ్యం, గేదెలు, ముసలివాళ్లను తరలించే హడావిడిలో కాగితాలు ఎవరికీ గుర్తు రాలేదు. అటక మీద పెట్టాం కదా అనుకున్నారు. అటక దాకా నీళ్లు రాలేదు గాని కప్పు కారింది.

కార్డు తడిస్తే ఇలా చేయండి. ముందుగా, తడిగా ఉండగానే ఫొటో తీయండి. ఎండిన తర్వాత కొన్ని అక్షరాలు మరీ పాలిపోతాయి. కవరుకు అతుక్కుపోయి ఉంటే లాగకండి, కవరు పైనుంచే ఫొటో తీయండి. బురద ఉంటే శుభ్రమైన నీళ్లను పక్కల నుంచి మెల్లగా పోయండి, రుద్దకండి. పాత నూలు బట్టల మధ్య పెట్టి అదిమి నీరు పీల్పించండి. తర్వాత నీడలో, ఫ్యాను గాలికి, తెల్ల కాగితం మీద పరచండి. ఎండలో వేస్తే కాగితం వంకర తిరుగుతుంది, సిరా వెలుస్తుంది. ఇస్త్రీ పెట్టె పెట్టకండి. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే బలవంతంగా విప్పకండి. కరెంటు లేక ఆరబెట్టే వీలు లేకపోతే జిప్ కవరులో పెట్టి, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి, బూజు పట్టదు. వీలైనప్పుడు బయటకు తీసి మెల్లగా ఆరబెట్టవచ్చు.

8. ఫోనులో మూడు చోట్ల

పీడీఎఫ్‌ను డిజీలాకర్‌లో ఎక్కించండి. మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి. ఊళ్లో ఉండే ఒక మనిషికి, అమ్మకో అన్నకో, వాట్సాప్‌లో పంపండి. ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని చిన్నది చేస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. ఫైలు పేరులో మనిషి పేరు, "టీకా", సంవత్సరం ఉండాలి. స్కాన్ 1, స్కాన్ 2 అని ఉంచితే అవసరం పడ్డ రాత్రి దొరకదు.

నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకున్నాక వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫైలు డిలీట్ చేయించండి. పాస్‌పోర్టు నంబరు ఉన్న కాగితం అది. ఓటీపీ వాళ్లకు చెప్పకండి, మీరే టైపు చేయండి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఏజెంటు చేతికి ఒరిజినల్ టీకా పుస్తకం ఇవ్వకండి. జిరాక్స్ ఇవ్వండి. ఒరిజినల్ చూపించాల్సి వస్తే మీరే వెళ్లి చూపించి వెనక్కి తెచ్చుకోండి.

9. ప్రయాణం రోజు

పసుపు పుస్తకం, డాక్టరు షీటు పాస్‌పోర్టు ఉన్న సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. పాస్‌పోర్టుకు పిన్ను కొట్టకండి. పిల్లల పాత ఒరిజినల్ కార్డు ఇంట్లోనే ఉంచి, కలర్ జిరాక్స్ తీసుకెళ్లవచ్చు. అయితే పిల్లలను అక్కడ బడిలో చేర్చబోతుంటే మాత్రం ఒరిజినల్ కూడా తీసుకెళ్లండి, మిగిలిన డోసులు వాళ్లు దాన్ని చూసే వేస్తారు.

ఒకటి చాలామంది మర్చిపోతారు. కుక్క కరిచి టీకాలు మధ్యలో ఉండగా ప్రయాణం పడితే ఆ ఓపీ చీటీ బంగారంతో సమానం. చర్మంలోకి వేశారా, కండలోకి వేశారా, ఏ రోజుల్లో వేశారు అన్నది దాని మీదే ఉంటుంది. మిగతా డోసు వేయాల్సిన డాక్టరుకు అది కావాలి. అది మామూలుగా సన్నటి కాగితం, చెమటకే చిరుగుతుంది. ఆసుపత్రి గుమ్మంలోనే ఫొటో తీసుకోండి.

విదేశంలో ఏ టీకా వేయించుకున్నా దాని కాగితం అడిగి తీసుకోండి. ఇంటికి వచ్చిన వారంలో అదే డబ్బాలో, అదే పీడీఎఫ్‌లో చేర్చండి.

బయలుదేరే ముందు రోజు రాత్రి చేయాల్సిన పరీక్ష

ఫోనులో డేటా, వైఫై ఆపేయండి. ఎయిర్‌పోర్టులో నెట్ అందకపోవచ్చు కదా. టీకాల గురించి ఏమీ తెలియని ఒకరికి, పక్కింటి పిల్లకో తోడికోడలికో, ఆ ఫోనిచ్చి ఫైలు తెరవమనండి. మీరు నోరు విప్పకండి. ఎవరి పేరు ఉంది, పాస్‌పోర్టులోదేనా, ఏ టీకా, ఏ తేదీ, ఎవరి సంతకం అని అడగండి. నిమిషంలో చెప్పగలిగితే సంచి సర్దుకోండి. ఎక్కడ తడబడ్డారో చూసుకుని, తెల్లారేలోగా అక్కడ పేజీ మళ్లీ స్కాన్ చేసి ఫైలును ఫోనులోకి దింపుకోండి.